కంట్రోల్ అల్లం

ముందే చెప్పేస్తే తరువాత ఎవరికీ కోర్టుకెక్కే బాధ ఉండదు. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేను. మా ఇంట్లో పిల్లి ఈనితే ఊళ్ళో పులులు తిరుగుతున్నాయని చాటిన నోరు ఇది. జహీరాబాద్ బస్టాండులో చాయ్ తాగుతూ నేను వర్ణించిన చినుకు, బస్సెక్కి సంగారెడ్డి దాటేసరికి వరదయ్యేది. ఈ అలవాటు మానమని పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ బతిమాలింది. ఇప్పుడు నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది, కాపురం చల్లగా సాగుతోంది. మీరూ అలాగే భాగించుకోండి. కాకపోతే ఉన్నదాన్ని ఊదడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. నేను ఊదేవాణ్ణి. పుట్టించడం నాకు బద్ధకం. అయినా ఈ అధ్యాయంలో ఒకచోట పుట్టించాను. అదెక్కడో చివర నేనే ఒప్పుకుంటాను.

మొన్న మా చిన్నాయన కొడుకు బస్వరాజు ఒక సీసా పట్టుకుని ఇంటికి వచ్చాడు. సీసా మీద మా నాయిన ఫోటో. మా నాయిన పోయి చాలా ఏళ్ళయింది, ఉన్నన్నాళ్ళూ ఆయన మీసం కిందికే వేలాడింది. సీసా మీద మాత్రం రెండు కొసలూ ఆకాశాన్ని పొడుస్తున్నాయి. తలపాగాకు కాషాయం పూశారు, తల వెనక వెలుగుచక్రం పెట్టారు. ఇంకొంచెం ఉంటే చేతిలో శూలం కూడా పెట్టేవారే, సీసా సన్నగా ఉండి కుదరలేదు. కింద నాయిన పేరు పెట్టి ‘సంగప్ప అల్లం అమృతం’ అని బంగారు అక్షరాలు, అల్లం పంటకు మందట. బొంబాయి రోడ్డు మీద దుకాణం అప్పటికే తెరిచేశాడు. ప్రారంభానికి ఎవరో పెద్దమనిషిని పిలిచి శాలువా కప్పాడు. ఆ పెద్దమనిషి, ఏ శాస్త్రమైనా బజారుకెక్కినప్పుడే దాని విలువ తెలుస్తుందని సెలవిచ్చాడు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. చప్పట్లు కొట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. నా పక్కన పడుకున్న కుక్క కూడా తోక ఊపింది.

“అన్నా, సీస ఎనకాల జర జాగ మిగిలింది,” అన్నాడు బస్వరాజు. “సైంటిస్టు పరీక్ష జేసిన మందు అని నాలుగు ముక్కలు మంచిగ రాసియ్యి. గోరంతది కొండంత జేస్తవ్ గద నువ్వు.”

“గోరంతన్న ఉండాలె గదరా.”

“ఏం, సైంటిస్టు మీ ఇంట్ల ఉండలేదా? పెదనాయిన మందు పరీక్ష జెయ్యలేదా? గది గూడ అబద్ధమేనా?”

“చేసిండు.”

“మరింకేంది? నేను అడిగేది గదే గద.”

నిజమే, వాడు అడిగింది అంతే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే ఒళ్ళు మండింది. సైంటిస్టు మా ఇంట్లో ఉన్నాడు, పరీక్ష చేశాడు. పరీక్షలో ఏం తేలిందో రాయడానికి మాత్రం సీసా మీద జాగా లేదట.

అప్పట్లో మా ఇల్లు ఎక్కడుందని జహీరాబాద్‌లో ఎవరూ అడ్రసు అడిగేవారు కాదు, గాలి ఎటు వీస్తే అటు నడిచి వచ్చేవారు. పెరట్లో జామచెట్టు పక్కన ఒక గోలెం ఉండేది. ఎద్దును నిలబెట్టి స్నానం చేయించవచ్చు, అంత పెద్దది. పుల్లబెట్టిన మజ్జిగ, వేపపిండి, పొగాకు కాడలు, పిడకల బూడిద, ఇంగువ అందులో వేసి నాయిన వారాల తరబడి మురగబెట్టేవాడు. ఆ వాసనకు బొంబాయి పోయే లారీ డ్రైవర్లు అద్దాలు ఎత్తుకునేవారు. మా అక్కను చూడటానికి వచ్చిన ఒక సంబంధం వాళ్ళు చాయ్ కూడా ముట్టకుండా లేచిపోయారు. పొద్దున్నే అమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చరుస్తుంటే, ఆ చప్పుడుకు తాళం వేసినట్టు నాయిన పెరట్లో వేపకర్రతో గోలెం తిప్పేవాడు. తూర్పుకు తిరిగే తిప్పాలి. తిప్పుతున్నంతసేపూ మాట్లాడకూడదు, పలకరిస్తే కర్ర చూపించేవాడు. నాకు జొన్నరొట్టె రుచీ ఆ కంపూ వేర్వేరని పెళ్ళయ్యాక, అత్తగారింట్లో తింటే గానీ తెలియలేదు.

ఆ మందు అల్లానికి. మా వైపు అల్లం వేసినవాడు వానాకాలంలో దేవుణ్ణి రెండే అడుగుతాడు, వాన పడాలని, పడింది నిలవొద్దని. నిలిచిందంటే దుంపకుళ్ళు. ఆకు పసుపెక్కుతుంది, మొక్క పట్టి లాగితే చేతిలోకి ఊడి వస్తుంది, కింద దుంప ముద్దముద్దగా కంపు కొడుతుంది. ఇవాళ ఒక మూల కనపడితే వారం తిరిగేసరికి చేనంతా అంతే. అందుకే ముసురు పట్టిందంటే రాయికోడ్ నుంచి, మొగుడంపల్లి నుంచి, కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి కూడా రైతులు డబ్బాలు పట్టుకుని మా గడపలో నిలబడేవారు. నాయిన ఎవరికీ లేదనలేదు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పంట దక్కినవాళ్ళు కొబ్బరికాయలు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టేవారు. ‘సంగప్ప చేతిల వాసి ఉన్నది’ అనేవారు. ఆ మాట వింటే నాయిన రెండు అంగుళాలు పెరిగేవాడు. ఇంట్లో కొబ్బరి పచ్చడి లేని పూట ఉండేది కాదు, నేను ఇప్పటికీ కొబ్బరి కనపడితే విస్తరి పక్కకు జరుపుతాను.

అటువంటి ఇంట్లో మేడ మీది గదికి రత్నం సారు అద్దెకు దిగాడు. పూర్తి పేరు వెంకటరత్నం. గోదావరి వైపు మనిషి, పంట తెగుళ్ళ మీద పరిశోధన చేసే ప్రభుత్వ సైంటిస్టు. సన్నగా, తెల్లగా, ఉడకబెట్టి ఆరేసినట్టు ఉండేవాడు. ఆయన్ని నేను మొదటి రోజు నుంచే ద్వేషించాను. కారణం నాకుంది. ఇంటర్ సైన్సులో తప్పి ఇంట్లో కూర్చున్నాను, ఇంటి మీదికి సాక్షాత్తూ సైన్సే సూట్‌కేసుతో ఎక్కి వచ్చింది. ఆయనకొక మాట ఉండేది, ‘చెప్పలేమండి’. వాన పడుతుందా సారూ అంటే చెప్పలేమండి. పిలగాడు ఈసారన్నా పాసయితడా సారూ అంటే, నా వంక నిదానంగా చూసి, చెప్పలేమండి. ఒకసారి అమ్మ గుత్తివంకాయ చేసి మేడ మీదికి పంపి, సాయంత్రం అడిగింది.

“కూర ఎట్లున్నది సారూ?”

“ఒక్కసారి తిని చెప్పలేమండి.”

అమ్మ ఆ గిన్నె కడుగుతూ ఇల్లు అదిరేలా తోమింది. “వంకాయ గూడ పరీక్షకు కూసోవాల్నట. ఈయనకు పెండ్లామెట్ల దొరికిందో,” అంది. ఆ తర్వాత రెండేళ్ళలో మా ఇంట్లోంచి మేడ ఎక్కిన కూర లేదు.

నాయినకు మాత్రం ఆయనంటే మొదట్లో వల్లమాలిన ప్రేమ. తన మందు మీద సర్కారు ముద్ర పడబోతోందని కనపడినవాళ్ళందరికీ చెప్పాడు. కనపడనివాళ్ళకు కబురు పంపాడు. పరీక్ష మా చేన్లోనే. అల్లం మడులు వరసగా ఉన్నాయి. ఒక మడికి నాయిన మందు, దాని పక్క మడికి ఏమీ లేదు, ఆ పక్కదానికి మళ్ళీ మందు. ఈ ‘ఏమీ లేదు’ దగ్గర ప్రేమ విరిగింది.

“ఇంట్ల ఇద్దరు పిల్లలకు జరమొస్తే ఒకనికి మందు పోసి, ఇంకొకన్ని సూస్కుంట కూసుంటవా సారూ?” అన్నాడు నాయిన.

“మందు పనిచేస్తుందని తెలిస్తే ఇద్దరికీ పోస్తానండి. అది తెలీదు కదండీ.”

“నాకు తెల్సు.”

“మీకు తెలుసండి. నాకు తెలీదు.”

ఇంత మర్యాదగా తిట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాయిన ఒక పూట అన్నం మానేసి, చివరికి పంతానికి ఒప్పుకున్నాడు. మడులు కలిసిపోకుండా రత్నం సారు బోర్డులు రాయించాడు. మందు పోసిన మడికి ‘సంగప్ప మందు’. పొయ్యని మడికి, వాళ్ళ శాస్త్రంలో ఏమంటారో అదే రాయించాడు, ‘కంట్రోల్’. రాసినవాడు బజార్లోని పెయింటరు, ఊళ్ళో సగం బోర్డులు వాడివే. ఆ మాట వాడు అంతకుముందు కొన్ని వందలసార్లు రాసి ఉంటాడు కనుక అలవాటైన ఆకుపచ్చ పలక మీద అలవాటైన పసుపు రంగుతో, అలవాటైన అక్షరాలతో రాసిచ్చాడు.

గోదావరి వైపు సంగతి నాకు తెలీదు. మా దగ్గర కంట్రోల్ అంటే రేషన్. కంట్రోల్ దుకాణం, కంట్రోల్ బియ్యం, కంట్రోల్ చక్కెర, కంట్రోల్ గాసునూనె. కార్డున్న ప్రతివాడి హక్కు. ఈ ముక్క రత్నం సారుకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. మాకది చెప్పాల్సిన సంగతే కాదు.

తవ్వకానికి అల్లం సిద్ధమవుతున్న రోజుల్లో, వెనక గల్లీలో ఉండే తుల్జమ్మ మా వాకిట్లోకి వచ్చింది. నాలుగిళ్ళలో పనిచేసే ముసలమ్మ. నోరు పెద్దది, న్యాయం ఇంకా పెద్దది.

“అమ్మా, కంట్రోల్ అల్లం ఎన్నడిస్తరు?”

“ఏం అల్లమే?” అంది అమ్మ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

“గదే, మీ చేన్ల బోర్డు వెట్టిన్రు గద. కార్డుకెంత?”

అమ్మ అది తమాషా అనుకుంది. “నీకు మొయ్యనొచ్చినంత,” అని నవ్వింది.

మరునాడు మేమంతా బీదర్‌లో పెళ్ళికి పోయాం. రత్నం సారు ఆఫీసు పని మీద హైదరాబాద్ పోయాడు. మూడోనాడు తిరిగొచ్చి చూస్తే చేనంతా చదరంగం పలకలా ఉంది. ఒక మడి పచ్చగా, పక్కది బోసిగా, మళ్ళీ పచ్చగా, మళ్ళీ బోసిగా. ఏనుగుల మంద వచ్చినా ఇంత శుభ్రంగా తవ్వదు. మట్టి కూడా చదును చేసి పోయారు. ఊరంతా కార్డులు చంకన పెట్టుకుని వరస కట్టారట, వరస ఊరి బయటి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ గేటు దాకా పోయిందట. లోపల ట్రాక్టర్లు బిగించేవాళ్ళు షిఫ్టు విడిచి వచ్చి వెనక నిలబడ్డారట. నాలుగుతో భాగించుకోండి. నాయిన వీధిలో నిలబడి దొంగలు దొంగలు అని అరిస్తే తుల్జమ్మ కొంగు దోపుకుని బయటికొచ్చింది.

“ఎవల్ని దొంగలంటున్నవ్ సంగప్పా? నీ మందు మడిల ఒక్క కొమ్ము ముట్టినమా, పోయి సూస్కో. సర్కారు అల్లం సర్కారు కార్డుకు తీస్కున్నం. మీ ఇంటామెనే జెప్పింది, మొయ్యనొచ్చినంత అని. నడుము నొస్తున్నది, ఇంకెక్కువ మొయ్యలే.”

నాయిన అమ్మ వైపు చూశాడు. అమ్మ బీదర్ పెళ్ళిలో పెట్టిన లడ్డూల మూట విప్పడంలో మునిగిపోయింది.

వారం లోపల రత్నం సారు పై ఆఫీసరు జీపులో వచ్చాడు. పొట్ట ముందు, మనిషి వెనక. చేను చూసి ఆయన మొహం వెలిగిపోయింది. మా పెరట్లో మంచం మీద కూర్చుని, గోలెం కంపుకు ముక్కు మూసుకుంటూనే, పని సులువు చేశాడు.

“రత్నంగారూ, మందు పోసిన మడిలో పంట ఉంది. పొయ్యనిదాంట్లో ఒక్క దుంప లేదు. ఇంత తేడా నా సర్వీసులో చూడలేదు. రాసి పడేయండి. పేపర్లో ఫోటో పడుతుంది, మీకు ప్రమోషను వస్తుంది, ఈ రైతుకు పేరొస్తుంది.”

“పొయ్యనివి కుళ్ళి పోలేదండి. జనం తీసుకెళ్ళారండి.”

“ఎలా పోయిందని ఎవడడుగుతాడయ్యా?”

“నేను అడుగుతానండి. అది రాస్తే అల్లం ఫలితం కాదండి, రేషన్ కార్డుల ఫలితం.”

అప్పుడు నాయిన కలగజేసుకున్నాడు. ఆయన పేరు, ఆయన మందు, సర్కారు ముద్ర, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. “రాయి సారూ, ఎవలకేం నష్టం?” అని ఆయన ఒక్క మాట అని ఉంటే నేను ఇవాళ వేరే అధ్యాయం రాసుకునేవాణ్ణి. నాయిన తలపాగా తీసి దులిపాడు.

“నా మందు గెలిస్తె నా మందుతోనే గెలవాలె. తుల్జమ్మ గెలిపిచ్చుడేంది? మల్ల వెయ్యిన్రి.”

ఇది ఆయన సైన్సు మీద గౌరవంతో అనలేదు. పొగరుతో అన్నాడు. ఆ పొగరే మా కొంప ముంచింది.

అల్లం వేసిన చోట మరుసటి ఏడు మళ్ళీ అల్లం వెయ్యరు. రెండో ఏడు పరీక్ష బావి అవతలి చెలకలో పెట్టారు. ఈసారి బోర్డు మీద ‘మందు పొయ్యనిది’ అని రాయించారు. ఆ ఏడు నాయినా రత్నం సారూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏదన్నా చెప్పాల్సివస్తే నా ద్వారా. “నీళ్ళు పారిస్తున్ననని జెప్పు మీ సారుకు.” “సరే అన్నానని చెప్పు బాబూ మీ నాన్నగారికి.” ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడి నన్ను పోస్టుడబ్బా చేశారు. అయినా మందు పొయ్యని మడుల చుట్టూ కంచె కట్టింది నాయినే. మేక వస్తే తోలింది నాయినే. వాటిల్లోకి మందు చుక్క చిందకుండా గట్టు ఎత్తు చేసిందీ నాయినే. శత్రువు కొడుక్కి ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపించినట్టు పెంచాడు. మందు కూడా ప్రతిసారీ తనే, తన చేత్తోనే పోశాడు. రేపు ఎవరూ వాసి లేదని అనకూడదు కదా.

ముసురు పట్టింది. కుళ్ళు వచ్చింది. మందు పోసిన మడిలోనూ వచ్చింది, పొయ్యని మడిలోనూ వచ్చింది, ఎవరి మొహమాటమూ చూడకుండా. తవ్వాక చేన్లోనే కాటా కట్టి తూచారు. మడి మడికీ కుప్పలు పోసి, ఏది ఏ మడిదో చెప్పకుండా చూపిస్తే దేవుడు కూడా విడదీసి చెప్పలేడు. నాయిన చాలాసేపు కుప్పల మధ్య గొంతుక్కూర్చున్నాడు. ఏడాది తరువాత మొదటిసారి నేరుగా రత్నం సారుతోనే మాట్లాడాడు.

“అంటె నా మందు పనిచెయ్యదంటవ్.”

“పోసినవీ పొయ్యనివీ ఒకేలా ఉన్నాయండి. మొదటి ఏడు లెక్క మనకు దక్కలేదు గానీ, దీన్నిబట్టి పనిచెయ్యదనే అనాలండి.”

“మరి గంతమంది కొబ్బరికాయలు తెచ్చింది? గది అబద్ధమా?”

“నిజమేనండి. పంట దక్కినవాళ్ళు తెచ్చారు. దక్కనివాళ్ళు ఏం తెస్తారండీ? మీ దాకా వచ్చి ఉండరు.”

“ఒక్కడన్న వచ్చి నీ మందు దండుగ అనలే.”

“మీ మందును అనరండి. తమ రాత బాగాలేదనుకుని ఉంటారు.”

ఇన్నేళ్ళుగా మందు తీసుకుపోయి మళ్ళీ మా గడప తొక్కని మనుషులంతా ఆ క్షణాన నాయిన కళ్ళ ముందు వరస కట్టి ఉంటారు. నేను పక్కనే నిలబడి ఆ సైంటిస్టు గొంతు పిసకాలనుకున్నాను. ఊదడం లేదు, నిజంగానే అనుకున్నాను.

ఇప్పుడు చెప్పండి, ఆ రెండేళ్ళ పనికి విలువెంత? బజారుకెక్కేదేమీ దొరకలేదు. పై ఆఫీసరు ‘ఏమీ లేదని కనిపెట్టడానికి రెండేళ్ళా’ అని ఈసడించాడు. పేపర్లో ఫోటో లేదు, ప్రమోషన్ లేదు. ఊళ్ళో ఒక మందు ఉండేది, అదీ పోయింది. శాలువా కప్పుకున్న ఆ పెద్దమనిషి కొలతతో చూస్తే గుండుసున్నా. కానీ ఆ తరువాతి వానల్లో మొగుడంపల్లి రైతు ఒకడు డబ్బా పట్టుకుని ఎప్పటిలా మా గడపలో నిలబడ్డాడు. గోలెం నిండా మందు ఉంది. నాయిన లేచి, అతని చేతిలోంచి డబ్బా తీసుకుని, బోర్లా పెట్టాడు.

“ఇది పనిచెయ్యది, పో.”

“అట్లనకు పటేలా, నీ చేతిల వాసి ఉన్నది.”

“లేదు. సూపిచ్చిండు సారు. నువ్వు నా మందు నమ్ముకోని ఇంట్ల పండుకుంటె చేను మునుగుతది. పోయి కాలువ తియ్యి, నీళ్ళు నిలవనియ్యకు. కుళ్ళింది కుళ్ళినట్టు పీకి దూరం పారెయ్యి.”

ఆ మనిషి నాయిన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, గొణుక్కుంటూ పోయాడు. అతని చేను దక్కిందో లేదో నాకు తెలీదు. కొబ్బరికాయ మాత్రం తేలేదు. ఆ రోజు తరువాత మా గడపలో డబ్బాలు కనపడలేదు. అమ్మ గోలెం కడిగించి బర్రెకు కుడితి పోసింది. బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంది. ఊళ్ళో ‘సంగప్ప ఒట్టిపోయిండు’ అన్నారు. నాయిన రెండు అంగుళాలు తగ్గాడు, మళ్ళీ పెరగలేదు.

రత్నం సారుకు బదిలీ అయింది. వెళ్ళే రోజు మేడ దిగి వచ్చి, వాకిట్లో నాయిన కాళ్ళకు వంగి దండం పెట్టాడు. “నన్ను క్షమించండి సంగప్పగారూ, మీ పేరు నా చేతుల మీదుగా పోయింది,” అన్నాడు. ఆయన కళ్ళద్దాలు మసకబారాయి. నాయిన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇదంతా బస్వరాజుకు చెప్పాను. వాడు ఫోన్ చూసుకుంటూ విన్నాడు. “గవన్ని పాత ముచ్చట్లు అన్నా. ఇప్పుడు ఎవలకు యాదికున్నయ్?” అన్నాడు.

“నాకున్నయ్.”

“నీ మాట ఎవల్ నమ్ముతరే? ఊరంత ఎరుకే నీ సంగతి.”

దెబ్బ సరైన చోటే కొట్టాడు. వాడు సీసాలు అమ్ముతూనే ఉన్నాడు. నేను రాసివ్వకపోతే పెయింటరు కొడుకు చేత రాయించుకున్నాడు, ‘సైంటిస్టు పరీక్షించినది’ అని. మా ఇద్దరికీ మాటల్లేవు. పండక్కి వాడింటి నుంచి వచ్చిన భక్ష్యాలు తిప్పి పంపాను, మా ఆవిడ ఏడ్చింది, భక్ష్యాల కోసం. అందుకే సీసా మీద జాగా లేదన్న ముక్క ఇక్కడ రాస్తున్నాను. సంగప్ప మందు పరీక్షకు కూర్చుంది. తప్పింది. ఆ సంగతి మొదట చెప్పుకున్నవాడు సంగప్పే.

ఇక ఒప్పుకోవాల్సింది. తుల్జమ్మ నిజం, కార్డులు నిజం, వరస ఊదాను. పై ఆఫీసరు నిజం, పొట్ట ఊదాను. పుట్టించింది ఒక్కటే, రత్నం సారు క్షమాపణ. ఆయన కాళ్ళకు వంగలేదు. కళ్ళద్దాలు మసకబారలేదు. సూట్‌కేసు కింద పెట్టకుండానే “వెళ్ళొస్తానండి” అన్నాడు, నాయిన “మంచిది” అన్నాడు, అంతే. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి నాయిన దగ్గర నా కడుపుమంట కక్కాను, నీ బతుకంతా చేన్లో కుప్ప పోసి పోయిండు, ఒక్క మాట సారీ అని గూడ అనలే అని. నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“సారీ ఎందుకు జెప్తడ్రా? ఆయన తప్పేం జెప్పలే గద.”

ఆ జవాబు నాకు నచ్చలేదు. అందుకే మార్చి రాశాను.